కళాయి తాత చెప్పిన యూరప్ కబుర్లు

పోయిన మంగళవారం ఆఫీసులో మెయిల్ చూసుకుంటూంటే లోహాల పత్రిక వచ్చింది. మాది యాంగాన్‌లో, ఓడల్లో సరుకుకి చోటు మాట్లాడిపెట్టే చిన్న ఆఫీసు. ఎవరు కట్టారో తెలియని చందా ఇంకా నడుస్తోంది కాబట్టి వారం వారం ఆ పత్రిక ఇంగ్లీషులో వచ్చి పడుతుంది. యూరప్‌లో రాగి, సీసం, తుత్తునాగం, తగరం, అల్యూమినియం ఏ దేశంలో పెరుగుతున్నాయి, ఏ దేశంలో తగ్గుతున్నాయి, ఎవరు కొలిమి ఆర్పేశారు, ఎవరు మళ్ళీ వెలిగించారు, ఇదే దాని సొద. దాన్ని తెరిచేది ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ రోజు వార్తేమిటంటే, కరెంటు ఖర్చు భరించలేక ఆపేసిన ఒక అల్యూమినియం కొలిమిని ఇక ఎప్పటికీ తెరవరట. చదవగానే ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచీలో వేసుకుని లేచాను. కళాయి తాత ఎగిరి గంతేస్తాడు అనుకుంటూ మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, తాత పోయి నలభై రోజులు దాటిందని.

నడివీధిలో నిలబడి ఆయన్నే తిట్టుకున్నాను. పోయేవాడు పోక, మనిషికి ఇలాంటి అలవాట్లు అంటించి పోవడమేమిటి?

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మెసేజ్. మా అమ్మవారి గుడి కమిటీ కార్యదర్శి. ఆదివారం పొద్దున్న మీటింగు. గుడి వెనక గదిలో ఉన్న పెద్ద రాగి గంగాళం అమ్మకం. పాత లోహం కొనే వ్యాపారి కూడా వస్తాడు. చివర ఒక ముక్క: "సయా లేరు కాబట్టి యూరప్ రిపోర్టు ఈసారి మీరే తేవాలి." సయా అంటే ఇక్కడి బర్మా మాటలో మాస్టారు. కళాయి తాతని కమిటీ వాళ్ళు అలాగే పిలిచేవారు. ఏడేళ్ళపాటు ఆ గంగాళాన్ని అమ్మనివ్వకుండా ఆపింది ఆయన. ఆయన లేడు గనక, ఇక ఆదివారం దాన్ని కరగబోసేస్తారు.

ఆయన అసలు పేరు చెప్పను. అది ఎక్కడ రాసి ఉందో చివరికి మీకే తెలుస్తుంది.

మనిషి ఎండు చేపలాగ ఉండేవాడు. ఇక్కడి లుంగీ, లోంజీ, మోకాళ్ళ దాకా ఎగగట్టి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దూది ఉండ పెట్టుకుని తిరిగేవాడు. ఏ లోహం కనబడినా నడిమివేలి కణుపుతో ఒక్కసారి తట్టి, తల పక్కకి వాల్చి వినేవాడు. బస్సు ఎక్కితే ముందు కడ్డీని తట్టాలి, తరవాతే పట్టుకోవాలి. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే కంచం తట్టి, మొహం చిట్లించి, ఆ తరవాత అన్నం కలిపేవాడు. మా నాన్న పోయినప్పుడు శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చింది. అందరం ఏడుస్తున్నాం. ఈయన బండి తలుపు తట్టి, "రేకు పలచన" అని పెదవి విరిచాడు. మా అమ్మ ఏడుపు ఆపేసి మరీ ఆయన కేసి చూసింది.

రాగి, ఇత్తడి గిన్నెలకి లోపల తగరం పూత వెయ్యడం ఆయన వృత్తి. కళాయి వెయ్యని రాగి గిన్నెలో పులుసు కాస్తే కడుపులో తిప్పుతుంది కదా. ఒకప్పుడు మా పేట లమ్మడాలో మన తెలుగు వాళ్ళ ఇళ్ళల్లోనే కాదు, బర్మా వాళ్ళ టీ కొట్లల్లోనూ ఈయన చెయ్యి పడని గిన్నె లేదట. గిన్నె ఎర్రగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తెల్లటి పొగ లేవగానే తగరం ముక్కతో ఒక గీత గీసి, దూదితో చుట్టూ తిప్పేస్తే లోపలంతా వెన్నెల పోసినట్టు తెల్లగా అయ్యేది. నా చిన్నప్పుడు నేను చూశాను. తరవాత సత్తు గిన్నెలు వచ్చాయి. సత్తంటే అల్యూమినియమే, ఇక్కడ మన వాళ్ళనేది అలాగే. తేలిక, చవక, కళాయి అక్కర్లేదు. ఈయన కొలిమి చల్లారింది.

అప్పటినుంచీ ఆయనకి లోకంలో ఒక్కటే పగ. సత్తు కెటిల్‌లో కాచిన టీ ముట్టడు. సత్తు గిన్నెలో వండిన అన్నం తినడు. ఈ కాలంలో సత్తు తగలకుండా టీ ఎక్కడ దొరుకుతుంది? అందుకని టీ కొట్టుకి వెళ్ళి, పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద గంటల తరబడి కూర్చుని, టీ తాగకుండా లేచి వచ్చేవాడు. కొట్టువాడు పాపం మంచివాడు, ఆయన స్టూలు ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

మా ఇద్దరికీ ఈ యూరప్ పొత్తు ఎలా కుదిరిందంటే, నేను టీ కొట్టులో ఏదో మాటల మధ్య మా ఆఫీసుకి లోహాల పత్రిక వస్తుందని నోరు జారాను. అంతే. మర్నాడు ఆఫీసు గుమ్మం ముందు ప్రత్యక్షం.

"అమ్మీ, అందులో సత్తు ఊసు ఉంటాదేటి?"

"ఉంటుంది తాతా. యూరప్‌ది."

"యూరప్‌ది అయితే మరీ మంచిది. శనోరం శనోరం నాకు సదివి ఇనిపించు. ఊరికే ఒద్దులే. నీకు తెలుగు రాయడం, సదవడం నేర్పుతాను."

నాకు తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు రావు. మా తరంలో ఎవరికీ రావు. బళ్ళో బర్మా భాష, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తిట్టుకోవడానికి తెలుగు. సరే, నష్టమేముంది అని ఒప్పుకున్నాను. ఎంత నష్టమో తరవాత తెలిసింది. ఆయన ఉండేది ఆరో అంతస్తు. లిఫ్టు లేదు. ఇక్కడ అన్ని ఇళ్ళ బాల్కనీల నుంచీ వీధిలోకి తాడు వేలాడుతూ ఉంటుంది, చివర ఒక క్లిప్పు. కింద నుంచి కాగితమో, కూరల సంచో తగిలిస్తే పైకి లాక్కుంటారు. నేను కాగితం తాడుకి తగిలించి నా దారిన పోదామని చూసేదాన్ని. ఆయన కాగితం లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసి, బాల్కనీలోంచి కేకేసేవాడు. "వచ్చినాది అమ్మీ. ఇంక నువ్వు రా." చచ్చినట్టు ఆరంతస్తులూ ఎక్కేదాన్ని.

ఆయన తెలుగు నేర్పిన పద్ధతి కూడా లోకంలో ఎక్కడా ఉండదు. పలకా లేదు, పుస్తకమూ లేదు. పాత రేకు ముక్క మీద ఉలితో చుక్క చుక్కా కొట్టి అక్షరం చేసేవాడు. గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు చూడండి, అలాగ. అందరికీ 'అల, వల, తల' అని మొదలెడతారు. ఈయన మొదటి రోజే 'నూకాలు' అని కొట్టి చదవమన్నాడు. రెండో వారం 'దాలయ్య', తరవాత 'పైడమ్మ', 'సింహాచలం'. అన్నీ పేర్లే. ఎవరు తాతా వీళ్ళు అంటే "ఎవులో ఒకలు. ఒత్తులు సరిగ్గా పలుకు" అనేవాడు. ఆయన మాత్రం ఒక్క ఒత్తు పలికిన పాపాన పోలేదు.

ఇక శనివారం మధ్యాహ్నాల యూరప్. పత్రికలో పెద్ద పెద్ద పట్టికలుండేవి. ఆయనకి అంకెలు అక్కర్లేదు. దేశాలన్నీ ఆయనకి మా వీధిలో కాపురాలు.

"నార్వే ఎలగున్నాది?"

"కొలిములు నడుస్తున్నాయిట."

"నడుస్తాయి. నీలున్న ఇల్లు అది. వాన పడితే కరెంటు. ఆ ఇంట పొయ్యి ఆరదు. జర్మనీ?"

"తగ్గించుకున్నారుట. గ్యాసు ఖరీదైపోయింది, కరెంటు కూడా."

"పెద్దింటోడు. పక్కింటి గొట్టం నమ్ముకున్నాడు. ఇప్పుడు బజారుకెల్లి కొనుక్కోవాల. పోలండోడు?"

"రాగి తీస్తూనే ఉన్నాడు తాతా."

"ఆడు మంచోడు. నోరెత్తడు, గోతిలోకి దిగుతాడు, రాగి ఎత్తుకొస్తాడు. అలాటోడికి పిల్లనివ్వొచ్చు."

ఐర్లాండ్ అంటే ఆయనకి నమ్మకం లేదు. తుత్తునాగం గని ఒకటి మూస్తారు, మళ్ళీ తెరుస్తామంటారు, మన వీధి టైలరు లాగ అనేవాడు. సెర్బియాలో రాగి పెరుగుతోంది అని చదివితే, "చైనా బావమరిది డబ్బు పెట్టినాడు కదా, పెరగదేటి" అని మూతి తిప్పేవాడు. ఏ దేశంలోనైనా అల్యూమినియం కొలిమి మూసేశారని చదివిన రోజున ఆయన మొహం చూడాలి. లేచి నిలబడి, అమ్మవారి పటానికి దణ్ణం పెట్టి, కిందకి దిగి, టీ కొట్టులో ఉన్న వాళ్ళందరికీ టీలు చెప్పేవాడు. అందరూ ఏం శుభకార్యమో అనుకుని తాగేవారు. స్లొవేకియాలో మూసిన వారం రెండేసి టీలు.

ఇదంతా ఎక్కడ జరిగేదనుకున్నారు? కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో పైవాడికే తెలియని లమ్మడాలో. నేను జర్మనీ గురించి సగం చదివేసరికి నెత్తి మీద ఫ్యాను టక్కున ఆగేది. వీధి పొడుగునా దుకాణాల వాళ్ళు జనరేటర్లు లాగేవారు, ఆ మోతలో నా గొంతు నాకే వినపడేది కాదు. ఈయన చెమట కారుతూ, తాటాకు విసనకర్ర ఊపుకుంటూ, నిజంగా కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకుని అనేవాడు, "పాపం, జర్మనీకి కరెంటు కష్టం వచ్చీసినాది అమ్మీ!"

నాకు ఒళ్ళు మండిపోయేది. "మన కష్టం సంగతేమిటి తాతా?"

"ష్! మన ఊసు మనకెందుకు?"

అదీ ఆయన తెలివి. టీ కొట్టులో ఒకరోజు ఎవడో కుర్రకారు మనిషి అడిగాడు: "సయా, యూరప్ సరే, మన దేశంలో రాగి ఉంది, తగరం ఉంది, సీసం ఉంది, అవన్నీ ఎటు పోతున్నాయి?" పక్క స్టూలు మీద ఎవరో తెలియని మనిషి టీ గ్లాసు నోటి దగ్గరే ఆపి చెవులు రిక్కించాడు. మా తాత గొంతు సవరించుకుని, వీధి చివర దాకా వినపడేలా, "ఫిన్లాండ్!" అని మొదలెట్టాడు. పావుగంట ఆపలేదు. ఫిన్లాండ్‌లో మంచు, ఫిన్లాండ్‌లో నికెలు, ఫిన్లాండ్ వాళ్ళ క్రమశిక్షణ. ఆ తెలియని మనిషి ఆవులించి లేచిపోయాడు. ఈ ఊళ్ళో నోరు తీట తీర్చుకోవాలంటే యూరప్‌ని మించిన చోటు లేదు, ఎవరినైనా ఎన్నైనా అనొచ్చు.

ఇక గంగాళం. ముగ్గురు చేతులు కలిపితే గానీ చుట్టుకోలేనంత పెద్దది. ఓడరేవులో మూటలు మోసిన మన ముత్తాతల కాలంలో విశాఖపట్నం నుంచి వచ్చిందట. అమ్మవారి సంబరానికి అందులోనే పప్పుచారు కాచేవారు, పెళ్ళిళ్ళకీ అదే. ఏటేటా కళాయి తాతే దానికి పూత వేసేవాడు. తరవాత కమిటీ మూడు సత్తు డేగిసాలు కొంది. గంగాళం వెనక గదిలో బోర్లా పడింది. ఆయన మాత్రం వారానికోసారి వెళ్ళి దాన్ని తట్టి, విని, వచ్చేవాడు. సంబరం రోజున ఆ డేగిసాలో వండిన ప్రసాదం వేలికి అంటించుకుని కళ్ళకద్దుకునేవాడు, నోట్లో మాత్రం పెట్టుకునేవాడు కాదు.

ఏడేళ్ళ కిందట కొత్త కార్యదర్శి వచ్చాడు. బర్మా పేరు ఊ మ్యింట్, ఇంట్లో అప్పల్రాజు. మంచివాడే. కాకపోతే గుడి అంటే ఆయన దృష్టిలో రంగురంగుల లైట్ల తోరణం, పెద్ద సౌండ్ బాక్సులు. నది అవతల తన్లిన్ గుడిలో అలాంటివి పెట్టారట, మనకి లేకపోతే తలవంపులట. గంగాళం అమ్మేస్తే ఆ రెండూ వచ్చేస్తాయి. రాగి అమ్మాలంటే ధర తెలిసిన వాడు కావాలి, తాతని పిలిచారు.

తాత నన్ను పక్కన నిలబెట్టుకుని, నేను చదివిన కాగితం చేతిలో పట్టుకుని చెప్పాడు. "సూడు బాబూ, బల్గేరియాలో కొలిమి మరమ్మత్తుకి ఆపీసినారు. రాగి దొరకదు. ధర ఎగిరిపోతాది. ఇప్పుడమ్మితే మనం ఎర్రోలం."

కమిటీ ఆగింది. మరుసటి ఏడు అడిగారు. "ధర దిగున్నాది. స్పెయినోడు కోలుకోనీ." ఆపై ఏడు, "ఎక్కుతున్నాది, మద్దిలో తెంపుకుంటారేటి?" ప్రతి ఏడూ ఒక దేశం అడ్డం పడేది. ఒక ఏడు స్వీడన్, ఒక ఏడు పోర్చుగల్. యాంగాన్‌లో ఒక గుడి కమిటీ లైట్ల తోరణం యూరప్ గనుల్లో కూరుకుపోయింది.

చదివేది నేను కదా, నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మూడో ఏడు ఒక శనివారం నిలదీశాను.

"తాతా, రాగి ధర బాగా ఎక్కింది అని నేను చదివాను. నువ్వు వాళ్ళని ఆగమన్నావు."

"ఇంకా ఎక్కుతాది."

"పోయినేడు దిగింది అని చదివితే, దిగినప్పుడు అమ్మకూడదన్నావు."

"అమ్మకూడదు మరి."

"ఎక్కినా అమ్మకూడదు, దిగినా అమ్మకూడదు. మరెప్పుడమ్మాలి? బల్గేరియా మరమ్మత్తు అసలు ఆ కాగితంలోనే లేదు!"

ఆయన విసనకర్ర ఆపాడు. "నీకు సదువు బాగానే ఒంటబట్టినాది," అన్నాడు. "రేపు పొద్దున్న గుడికాడికి రా. సింతపండు అట్టుకురా."

మర్నాడు వెనక గదిలో మేమిద్దరమే. గంగాళం నల్లగా కిలుం పట్టి ఉంది. చింతపండు నానేసి, పిడికిట్లో పట్టుకుని అంచు కింద రుద్దమన్నాడు. రుద్దాను. ఎర్రటి రాగి బయటపడింది, దాని మీద వరసగా చుక్కలు. చిన్నప్పటినుంచీ చూస్తున్నవే, ముగ్గు డిజైను అనుకునేదాన్ని. అందరమూ అలాగే అనుకునేవాళ్ళం. "సదువు," అన్నాడు.

నూకాలు. దాలయ్య. పైడమ్మ. సింహాచలం.

ఆ పేర్లన్నీ నాకు నోటికొచ్చు. రెండేళ్ళ నుంచీ రేకు ముక్కల మీద నేను దిద్దినవి అవే. నలభై పైచిలుకు పేర్లున్నాయి.

"మనోల్ని ఇండియా ఓడలెక్కించీసిన రోజులు," అన్నాడు ఆయన, గోడకి ఆనుకుని కూర్చుంటూ. "దుకానాలు పోనాయి, పనులు పోనాయి. సర్కారోలు ఎల్లిపొండన్నారు. ఓడ మీదకి రాగి సెంబు కూడా ఎక్కనియ్యనేదు. మరి ఇంత గంగాళం ఎలగెక్కుతాది? అప్పుడు పెద్దోలు అన్నారు, మనం ఎల్లిపోతే మనమున్నామని ఎవుడికి తెలుస్తాది, పేర్లయినా దీని మీద ఉంచీసి ఎల్దాం అని. మా నాయన కొట్టినాడు. మూడు దినాలు. ఎక్కినోల పేర్లన్నీ."

చివరి పేరు దగ్గర నా వేలు ఆగింది. అది ఆయన పేరు.

"నువ్వు ఎక్కలేదు కదా తాతా?"

"ఎక్కాల్సినోన్నే. పేరు కొట్టీసినాక ఎవులో అన్నారు, గంగాళాన్ని ఎవుడు సూస్తాడు, ఒకడుండాల కదా అని. పెళ్ళికానోన్ని నానొక్కన్నే. ఎనకాల ఓడకి వచ్చీమన్నారు."

"వెనకాల ఓడ రాలేదా?"

"వచ్చినాది. గంగాళం ఎవుడికి అప్పసెప్పీది? నానుంటాను అని ఒక్కడూ అన్నేదు. ఆ ఎనకది కూడా వచ్చినాది. తరవాత ఓడలు అయిపోనాయి, అమ్మీ."

"ఉత్తరాలు?"

"కొన్నాళ్ళు వచ్చినాయి. మా అమ్మ రాయించీది." ఆయన నవ్వాడు. "మొదటి ముక్క, గంగాళం బాగున్నాదా అని. నువ్వు బాగున్నావా అన్నది రెండో ముక్క."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఈ మాట కమిటీకి చెప్పొచ్చు కదా! ఈ అబద్ధాలన్నీ ఎందుకు?"

"సెప్తే ఏటవుతాది? ఎల్లిపోనోల పేర్లు ఈలకెందుకు? అయ్యో పాపం అనీసి, ఒక పోటో తీసుకుని, అమ్మీసుకుంటారు. ధర పెరుగుతాది అంటే మటుకు ఆగుతారు." చింతపండు పిప్పి ఏరి పక్కన పెడుతూ అన్నాడు, "యూరప్ సదివీవోలు ఊళ్ళో చాలామంది దొరుకుతారు. ఇది సదివీ మనిషి కావాల నాకు."

అప్పుడర్థమైంది. ఆరంతస్తులు ఎక్కించింది జర్మనీ కోసం కాదు. రెండేళ్ళు నన్ను నిలువునా మోసం చేశాడు ముసలాయన, ఒక్క రోజైనా అనుమానం రానివ్వలేదు.

ఆయన ఎలా పోయాడన్నది పెద్ద కథ కాదు. మధ్యాహ్నం కునుకు తీసి లేవలేదు. తాడు క్లిప్పుకి తగిలించిన కాగితం సాయంత్రం దాకా అలాగే వేలాడుతూ ఉంటే నేను పైకి వెళ్ళాను. కమిటీ సంతాప సభ పెట్టి బ్యానరు కట్టింది. దాని మీద "యూరప్ లోహ వ్యవహారాల నిపుణులు" అని బర్మా భాషలో రాయించారు. కళాయి అన్న మాట ఎక్కడా లేదు. సభలో కాఫీ సత్తు కెటిల్‌లో కాచారు. ఆయన లేడు కాబట్టి సరిపోయింది, ఉంటే లేచిపోయేవాడు.

ఆదివారం వచ్చింది. గుడి వెనక గది ముందు పాతికమంది. వ్యాపారి కొక్కెం, గొలుసు, ఇద్దరు కూలీలతో సహా దిగాడు. గంగాళాన్ని బయటకి దొర్లించారు. నా సంచీలో యూరప్ కాగితం ఉంది, నానేసిన చింతపండూ ఉంది. మొదట కాగితమే తీశాను. తాత లాగే గొంతు సవరించుకున్నాను.

"స్వీడన్‌లో పెద్ద గనిలో పని ఆగిపోయేలా ఉంది. రాగి ఇంకా ఎక్కుతుంది. ఇప్పుడమ్మడం తెలివితక్కువ."

వ్యాపారి ఫోన్ తీసి చూపించాడు. కార్యదర్శి నా కేసి జాలిగా చూశాడు. "కెయిస్సా మషీబూ అక్కా, ఫరవానేదు," అన్నాడు. "ధర ఇప్పుడు షాంగై సెప్తాదంట, ఇయ్యాల్టిది ఫోన్లోనే వచ్చీస్తాది. యూరప్ మాటెవుడింటాడు? అక్కడ కొలిములన్నీ ఆరిపోతున్నాయని సయాయే కదా ఇన్నేళ్ళూ సెప్పినాడు!"

అందరూ నవ్వారు. చెడ్డ కోపం వచ్చింది నాకు, ఆ మాట నిజం కాబట్టి. ఆయన శనివారం శనివారం సంబరపడి మూయించిన కొలిములే చివరికి ఆయన కొంప ముంచాయి.

కూలీలు గొలుసు చుట్టారు. నేను వెళ్ళి అడ్డంగా కూర్చుని చింతపండుతో రుద్దడం మొదలెట్టాను. "ఇవి పేర్లు," అన్నాను. "ఓడలెక్కి వెళ్ళిపోయిన మనవాళ్ళ పేర్లు. వినండి." చదివాను. నూకాలు, దాలయ్య, పైడమ్మ, సింహాచలం. పన్నెండు పేర్లు చదివేసరికి ఒకావిడ "అయ్యో పాపం" అంది. కార్యదర్శి కూతురు ఫోటో తీసుకుంది. కార్యదర్శి వ్యాపారికి సైగ చేశాడు, కానివ్వమని.

అచ్చం తాత చెప్పినట్టే జరుగుతోంది. ఆయన ఇంత ఖచ్చితంగా ఒక్క దేశం గురించి కూడా చెప్పలేదు.

గంగాళం అవతలి వైపు అంచు కింద తీగ డిజైను ఉంది. నిజంగా డిజైనే. ఆకులు, మొగ్గలు, చుక్కలు. నేను లేచి అటు వైపు వెళ్ళి, ఆ తీగ మీద చింతపండు రాసి, వేలు పెట్టి, "ఇటు వైపున్నవి వెళ్ళకుండా ఉండిపోయిన వాళ్ళ పేర్లు. గంగాళాన్ని వీళ్ళకి అప్పజెప్పారు," అన్నాను. "మొదటిది సన్యాసి."

కార్యదర్శి చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఏ సన్యాసి?"

"ఇంటిపేరు కూడా ఉంది." చదివాను. వాళ్ళ ఇంటిపేరు నాకు తెలియదా?

"మా తాత!" అన్నాడు. వచ్చి వంగాడు. తీగ మీద వేలు పెట్టాడు. ఒక మొగ్గని తడిమాడు. "ఇదేనేటి? ఇది మా తాత పేరేనేటక్కా?"

"అదే."

ఆయన కళ్ళు తడయ్యాయి. నిజంగా. కమిటీ అంతా మీద పడింది. "మా అమ్మమ్మ గుర్రమ్మ ఉన్నాదేటి?" ఉంది. "మా పెద్దనాన్న?" ఉన్నాడు. "మాది గంజాం అక్కా, మావోల పేర్లుంటాయా?" ఎందుకుండవు, ఇదిగో ఈ ఆకు పక్కన. ఒక్కరి చేత కాదు, వచ్చిన పాతికమంది చేతా ఆ తీగని తడిమించాను. బల్గేరియాలో లేని మరమ్మత్తు చేయించిన వాడి శిష్యురాలిని కదా. వాళ్ళలో ఒక్కరికీ ఒక్క తెలుగు అక్షరం రాదు. వ్యాపారి కాసేపు చూసి గొలుసు విప్పుకున్నాడు.

"ఈ ఏడు సంబరానికి పప్పుచారు ఇందులోనే కాయాల," అన్నాడు కార్యదర్శి, ముక్కు చీదుకుంటూ. "లైట్లూ వద్దు, ఏటీ వద్దు."

"మరి కళాయి ఎవరేస్తారు?" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చినట్టుంది అందరికీ. కార్యదర్శే మెల్లిగా అడిగాడు, "అక్కా, సయా పేరుందేటి?"

దానికి వెతకక్కర్లేదు. ఇటు వైపుకి వచ్చి, వరసలో చివరి పేరు మీద వేలు పెట్టి చదివాను. అందరికీ వినపడేలా రెండోసారి కూడా చదివాను.

కార్యదర్శి వంగి ఆ చుక్కలు చూశాడు. అటు తీగ కేసీ, ఇటు పేర్ల కేసీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది మటుకు తప్పు పడిపోనాది అక్కా. ఎల్లిపోనోల పక్కని కొట్టీసినారు. ఆయన ఎల్లనేదు కదా, సచ్చిందాకా ఇక్కడే ఉన్నాడు కదా."

"అవును," అన్నాను. "అదొక్కటే తప్పు పడింది."